బెంగళూరు బాల్కనీ నుంచి ఎఫ్‌టీ8: తక్కువ మాటలతో ఎక్కువ దూరం

మారతహళ్లిలోనో, కేఆర్ పురంలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో ఫ్లాట్‌లో ఉంటూ హ్యామ్ రేడియో లైసెన్స్ (సొంత రేడియో స్టేషన్ నడుపుకొనే అనుమతి) తెచ్చుకున్న తెలుగువాళ్లకు పెద్ద అడ్డంకి పరీక్ష కాదు, యాంటెన్నా. ఊళ్లో అయితే పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఇరవై మీటర్ల తీగ లాగి కడితే 7 మెగాహెర్ట్జ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) తయారవుతుంది. ఇక్కడ డాబా మీదికి కేబుల్ తీసుకెళ్లాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మిగిలేది బాల్కనీ. రెండు మూడు మీటర్ల ఆ చోటులో పట్టే లూప్ యాంటెన్నాకో, గ్రిల్ బయటికి వేలాడదీసిన తీగకో ఇచ్చే పవర్‌లో చాలా భాగం వేడిగా పోతుంది. పైగా నాలుగు వైపులా ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, లిఫ్ట్ మోటార్లు, చార్జర్లు. రిగ్ (రేడియో సెట్) ఆన్ చేయగానే వినిపించేది ముందు వాటి నాయిసే.

అయినా అలాంటి బాల్కనీల నుంచే పది, ఇరవై వాట్లతో జపాన్, ఇటలీ, దక్షిణాఫ్రికా స్టేషన్లతో కాంటాక్ట్‌లు అవుతున్నాయి. అందులో ఎక్కువ భాగం ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్‌లో, అంటే కంప్యూటర్ సందేశాన్ని స్వరాలుగా మార్చి పంపే పద్ధతిలో. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. అది ఉచితం, ఓపెన్ సోర్స్, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఈ మోడ్ గురించి హ్యామ్‌లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. నాయిస్ అడుగున ఉన్న సిగ్నల్‌ను పైకి లాగే మాయ అని కొందరంటారు. కంప్యూటర్లు కంప్యూటర్లతో మాట్లాడుకోవడమే, ఇందులో మనిషి ఎక్కడున్నాడు అని ఇంకొందరంటారు. రెండూ సగం నిజాలే. ఇక్కడ జరిగేది ఒక బేరం. ఏం చెప్పవచ్చో ముందే గిరి గీసుకొని, అలా వదులుకున్న మాటల బదులు దూరాన్ని తెచ్చుకుంటారు. ఆ బేరంలో ఏం ఇస్తున్నామో, ఏం వస్తోందో తెలిస్తేనే ఎఫ్‌టీ8 ఎప్పుడు వాడాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలుస్తుంది.

77 బిట్లలో ఒక పలకరింపు

ఈ సాఫ్ట్‌వేర్ కుటుంబానికి మూలపురుషుడు జో టేలర్. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రేడియో ఖగోళ శాస్త్రవేత్త. రస్సెల్ హల్స్‌తో కలిసి 1974లో జంట పల్సర్‌ను (పల్సర్ అంటే క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) కనిపెట్టినందుకు 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. చిన్ననాటి నుంచీ హ్యామ్. 2001లో డబ్ల్యూఎస్‌జేటీ తొలి రూపాన్ని విడుదల చేశారు. పల్సర్ పరిశోధన నుంచి ఈ పనిలోకి రావడం సహజంగానే జరిగింది. పల్సర్ సిగ్నల్ ఒక్క స్పందనగా చూస్తే నాయిస్‌లో కనబడదు. దాని ఆవర్తన కాలం తెలిస్తే వేల స్పందనలను ఒకదాని మీద ఒకటి పేర్చి బయటికి తీయవచ్చు. ఏ ఆకారం కోసం వెతుకుతున్నామో తెలిసినప్పుడు ఎంత బలహీనమైన సిగ్నల్‌నైనా వెతకగలం అన్నదే అక్కడి సూత్రం. టేలర్, మరో హ్యామ్ స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8లోనూ అదే సూత్రం. పేరులోని ఎఫ్, టీ ఆ ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు, 8 అంటే అందులో వాడే స్వరాల సంఖ్య.

మెజెస్టిక్ బస్టాండ్ గోలలో ఎవరు ఏం మాట్లాడుతున్నారో వినబడదు కానీ, "తిరుపతి, తిరుపతి, తిరుపతి" అనే కండక్టర్ కేక తిరుపతి వెళ్లాల్సినవాళ్లకు వినబడుతుంది. కారణాలు రెండు. వినాల్సిన మాట ముందే తెలుసు, అది మళ్లీ మళ్లీ వస్తోంది. ఎఫ్‌టీ8 ఈ రెండింటినీ గణితంగా మార్చింది.

మొదటిది, ముందే తెలిసిన మాట. ఒక మామూలు కాంటాక్ట్‌లో చెప్పుకోవాల్సింది చాలా తక్కువ: అవతలివారి కాల్‌సైన్ (స్టేషన్ పేరుగా వాడే అక్షరాలు, అంకెలు), మన కాల్‌సైన్, మనం ఎక్కడున్నామో తెలిపే గ్రిడ్, సిగ్నల్ ఎంత బలంగా అందిందో చెప్పే రిపోర్ట్, చివరికి సెలవు. దీన్ని అక్షరాలుగా పంపితే చాలా చోటు పడుతుంది. ఎఫ్‌టీ8 అక్షరాలు పంపదు. మామూలు కాల్‌సైన్ నిర్మాణంలో సాధ్యమయ్యే రూపాలన్నీ లెక్కిస్తే 26 కోట్ల 21 లక్షల చిల్లర. 28 బిట్లతో 26 కోట్ల 84 లక్షల దాకా లెక్కించవచ్చు. అంటే ప్రపంచంలోని ఏ మామూలు కాల్‌సైన్‌నైనా 28 బిట్ల సంఖ్యగా చెప్పేయవచ్చు. భూగోళాన్ని హ్యామ్‌లు 32,400 గ్రిడ్ చతురస్రాలుగా విభజించుకున్నారు. 15 బిట్లతో 32,768 దాకా వస్తుంది. మిగిలిన ఆ 368 ఖాళీల్లోనే సిగ్నల్ రిపోర్టులు, "అందింది", "సెలవు" లాంటివి సర్దారు. రెండు కాల్‌సైన్లకు 56, గ్రిడ్ లేదా రిపోర్ట్‌కు 15, గుర్తులకు 3, సందేశం రకానికి 3. మొత్తం 77 బిట్లు. ఒక్క బిట్ కూడా వృథా పోనివ్వని పొదుపు ఇది.

ఈ పొదుపులో ఒక చిన్న ముచ్చట ఉంది. కాంటాక్ట్ ముగింపులో పంపే ఆర్‌ఆర్73 అనే సంకేతం చూడటానికి గ్రిడ్ పేరులాగే ఉంటుంది. నిజంగానే ఆ పేరుతో ఒక గ్రిడ్ ఉంది, ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఆర్కిటిక్ సముద్రంలో. అక్కడి నుంచి ఎవరూ ప్రసారం చేయరన్న ధీమాతోనే ఆ సంకేతాన్ని సెలవుగా వాడుతున్నారు. బెంగళూరు విషయానికొస్తే, నగరం రెండు గ్రిడ్లలో పడుతుంది. 13 డిగ్రీల అక్షాంశ రేఖ నగరం మీదుగానే పోతుంది కాబట్టి జయనగర్, ఎలక్ట్రానిక్ సిటీ ఎంకే82లో, హెబ్బాళ, యెలహంక ఎంకే83లో ఉంటాయి. తిరుపతి ఎంకే93, హైదరాబాద్ ఎంకే97, చెన్నై ఎన్‌కే03, విశాఖపట్నం ఎన్‌కే17. ఇల్లు మారినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్ మార్చడం చాలామంది మరిచిపోతారు. గ్రిడ్లను సేకరించేవాళ్లకు ఆ రెండు అంకెల తేడా చాలా ముఖ్యం.

ఇక రెండోది, మళ్లీ మళ్లీ చెప్పడం. 77 బిట్లకు తప్పులు పట్టే 14 బిట్లు కలుస్తాయి. ఆ 91ని 174 బిట్లుగా విస్తరిస్తారు. అదే మాటను పదేపదే వల్లించడం లాంటిది కాదిది. ప్రతి బిట్ సమాచారం ఎన్నో చోట్లకు పంచుకుపోతుంది కాబట్టి, మధ్యలో కొన్ని ముక్కలు చెడిపోయినా మిగతావాటి నుంచి మొత్తం తిరిగి కట్టవచ్చు. ఈ రకం కోడ్‌లకు పునాది వేసింది 1960ల తొలినాళ్లలో రాబర్ట్ గాలగర్. ఆనాటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు. ఈనాడు ల్యాప్‌టాప్ రెండు మూడు సెకన్లలో డజన్ల కొద్దీ స్టేషన్లకు ఆ లెక్క చేసేస్తోంది. 174 బిట్లు మూడేసి చొప్పున 58 స్వరాలవుతాయి. వరుస కుదుర్చుకోవడానికి రిసీవర్‌కు ముందే తెలిసిన ఏడేసి స్వరాల కట్టలు మొదట్లో, మధ్యలో, చివర్లో పెడతారు. మొత్తం 79 స్వరాలు, ఒక్కోటి 0.16 సెకను. అంతా కలిపి 12.64 సెకన్లు. 15 సెకన్ల గడిలో మిగిలిన రెండు సెకన్ల పైచిలుకు డీకోడ్ చేయడానికీ, తర్వాత ఏం పంపాలో నిర్ణయించుకోవడానికీ. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరు చుట్టూ ఉరుముల వానలు పడేటప్పుడు 7 మెగాహెర్ట్జ్ మీద మెరుపుల చిటపటలు ఎస్ఎస్‌బీ (హ్యామ్‌లు గొంతు పంపే పద్ధతి) మాటను ముక్కలు చేస్తాయి. ఎఫ్‌టీ8 మాత్రం ఒకటి రెండు చిటపటలను తట్టుకొని సందేశం చూపిస్తుంది. దీన్నిబట్టి మెరుపుల్లో రేడియో నడపవచ్చని అనుకోకూడదు. ఉరుము వినబడిందంటే కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పీకేయాల్సిందే.

మైనస్ 21 అంటే ఏమిటి

ఎఫ్‌టీ8 మైనస్ 21 డెసిబెల్స్ దాకా డీకోడ్ చేస్తుందని అంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ అంకె దగ్గరే. మైనస్ 21 అంటే నాయిస్ సిగ్నల్ కన్నా 126 రెట్లు ఎక్కువ. అయితే ఆ నాయిస్‌ను కొలిచేది 2,500 హెర్ట్జ్ వెడల్పులో, అంటే ఒక ఎస్ఎస్‌బీ చానల్ మొత్తంలో. ఎఫ్‌టీ8 సిగ్నల్ ఆక్రమించేది 50 హెర్ట్జ్ మాత్రమే. ఆ 50 హెర్ట్జ్‌లో పడే నాయిస్ మాత్రమే లెక్కపెడితే అది సిగ్నల్‌కు రెండున్నర రెట్లే. ఒక్కో స్వరాన్ని వెతికే 6.25 హెర్ట్జ్ సందులో చూస్తే సిగ్నలే నాయిస్‌కు మూడు రెట్లు పైన ఉంటుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ అసాధ్యాన్నేమీ సాధించడం లేదు. వెతకాల్సిన కిటికీని ఇరుకు చేసుకుంటోంది. కిటికీ ఇరుకైతే సమాచారం మెల్లగానే వెళ్తుంది, ఇది 1948లో క్లాడ్ షానన్ చూపించిన లెక్క. ఎఫ్‌టీ8 వేగం సెకనుకు ఆరు బిట్లు. మొబైల్ ఫోన్‌లో ఒక మామూలు కాల్‌కు సెకనుకు పన్నెండు వేల బిట్ల దాకా పడుతుంది.

దీని విలువ బాల్కనీ యాంటెన్నా ఉన్నవాళ్లకే బాగా తెలుస్తుంది. మాట అర్థం కావాలంటే అదే 2,500 హెర్ట్జ్‌లో సిగ్నల్ నాయిస్‌కు కనీసం రెండింతలైనా ఉండాలి. ఎఫ్‌టీ8కు కావాల్సినదానికి ఇది సుమారు 250 రెట్లు. అంటే ఎఫ్‌టీ8లో 5 వాట్లతో అయ్యే కాంటాక్ట్‌ను మాటతో చేయాలంటే 1,250 వాట్లు కావాలి. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్స్‌కే గరిష్ఠం 400 వాట్లు. లైసెన్స్ ఇచ్చే పరిమితి మాటలో అందుకోలేని దూరాన్ని, ఒక చిన్న బ్యాటరీతో నడిచే రిగ్ అందుకుంటోంది. హైదరాబాద్‌కు చెందిన అశర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిట్ఎక్స్ లాంటి కిట్ రిగ్‌లు పది వాట్ల లోపే ఇస్తాయి. ఖరీదైన రిగ్ కొనలేని విద్యార్థికి ఆ కిట్, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డ్, పాత ల్యాప్‌టాప్ ఉంటే ఖండాలు దాటడానికి సరిపోతాయి. ఎఫ్‌టీ8 మీద ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క కారణానికి అది గౌరవించదగ్గ ఆవిష్కరణ.

డీకోడర్ ఇంకో అడుగు కూడా వేస్తుంది. ఒక స్టేషన్‌ను పిలిచాక, తర్వాత వచ్చే జవాబులో మన కాల్‌సైన్, వారి కాల్‌సైన్ ఉంటాయని దానికి తెలుసు. ఆ బిట్లు తెలిసినవే అనుకొని మిగిలినవి మాత్రమే వెతుకుతుంది. దాంతో మరో రెండు మూడు డెసిబెల్స్ లోతుకు వెళ్తుంది. ఇందులో ప్రమాదమూ ఉంది. మన కోరికను నాయిస్‌లో చదివేసే అవకాశం ఉంటుంది. సందేహంగా ఉన్న డీకోడ్ పక్కన సాఫ్ట్‌వేర్ ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ గుర్తు ఉన్న కాంటాక్ట్‌ను లాగ్‌లో రాసేముందు ఇంకోసారి రిపోర్ట్ వచ్చేదాకా ఆగడం మంచిది.

గడియారం, ఆడియో

15 సెకన్ల గడులన్నీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తాయి కాబట్టి కంప్యూటర్ గడియారం ఒక సెకను లోపు తేడాతో సరిగ్గా ఉండాలి. ఇంటర్నెట్ ఉంటే సమస్య లేదు. నందికొండల వైపో, సావనదుర్గ వైపో ఆదివారం రిగ్ పట్టుకెళ్లినప్పుడు సిగ్నల్ లేక గడియారం జరిగిపోతే, వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను చారలుగా చూపే తెర) నిండా చారలు కనిపిస్తున్నా ఒక్క డీకోడ్ కూడా రాదు. డీటీ అనే నిలువు వరుస చూడాలి. వచ్చిన స్టేషన్లన్నిటికీ అది ఒకే వైపు జరిగి ఉంటే తప్పు మన గడియారానిదే. చిన్న జీపీఎస్ రిసీవర్ ఒకటి బ్యాగ్‌లో ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ఆడియో సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ జరిగే పొరపాటు పక్కవాళ్లను బాధపెడుతుంది. సౌండ్ కార్డ్ నుంచి రిగ్‌కు ఆడియో ఎక్కువ ఇస్తే ఏఎల్‌సీ (రిగ్ పవర్‌ను అదుపు చేసే సర్క్యూట్) ముల్లు కదులుతుంది, సిగ్నల్ వెడల్పవుతుంది, 700 హెర్ట్జ్ స్వరానికి 1,400లో, 2,100లో నకళ్లు పుడతాయి. యాభై మందికి పట్టే చోటులో ఒక్కరే మూడు చోట్ల కూర్చున్నట్టవుతుంది. ఏఎల్‌సీ ముల్లు కదలడం ఆగేదాకా ఆడియో తగ్గించాలి. సాఫ్ట్‌వేర్‌లోని స్ప్లిట్ సెట్టింగ్ పెడితే అది స్వరాన్ని ఎప్పుడూ 1,500, 2,000 హెర్ట్జ్ మధ్యే ఉంచి రిగ్ ఫ్రీక్వెన్సీని జరుపుతుంది. నకళ్లు పుట్టినా రిగ్ ఫిల్టర్ బయటే ఆగిపోతాయి. పవర్ కూడా అంతే. మాటలో పవర్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఎఫ్‌టీ8లో 12.64 సెకన్ల పాటు నిండు పవర్. 100 వాట్ల రిగ్‌ను 100 దగ్గరే నడిపితే ఫైనల్ ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి. ముప్పై నలభై వాట్లు చాలు, చాలాసార్లు పది వాట్లూ చాలు.

లైసెన్స్ గురించి ఒక మాట. 12 ఏళ్లు నిండిన ఎవరైనా ఏఎస్‌ఓసీ (హ్యామ్ ఆపరేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాసి టెలికాం శాఖలో రేడియో అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్స్ పొందవచ్చు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. ఏ బ్యాండ్‌లో, ఎంత పవర్‌తో, ఏ రకం ప్రసారానికి అనుమతి ఉందో లైసెన్స్ పత్రంలోనే ఉంటుంది. డిజిటల్ మోడ్ మొదలుపెట్టేముందు ఆ పట్టిక చదవాలి.

రిపోర్టులు చెప్పే ఇంటి సంగతి

ఎఫ్‌టీ8 చేసేవాళ్లలో చాలామంది దేశాల లెక్క చూసుకుంటారు, రిపోర్టుల లెక్క చూసుకోరు. నిజానికి స్టేషన్‌ను బాగుచేసుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం సామాన్య హ్యామ్‌కు ఎప్పుడూ దొరకలేదు. ఒకప్పుడు "ఐదూ తొమ్మిది" (చాలా బాగా వినబడుతోంది) అని మర్యాదకు ఇచ్చే రిపోర్ట్ స్థానంలో, ఇప్పుడు యంత్రం కొలిచిన అంకె రెండు వైపులా వస్తోంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బాల్కనీ నుంచి 20 వాట్లతో పిలిస్తే జపాన్ స్టేషన్ మైనస్ 3 అని రిపోర్ట్ ఇచ్చింది. ఆయన సిగ్నల్ ఇక్కడ మైనస్ 19కి అందింది. వెళ్లే దారిలో ఎంత నష్టమో, వచ్చే దారిలోనూ దాదాపు అంతే. ఇద్దరి పవర్ సమానమైతే 16 డెసిబెల్స్ తేడా పూర్తిగా నాయిస్‌దే. అంటే జపాన్‌లో ఆయన చుట్టూ ఉన్న నాయిస్ కన్నా ఈ ఫ్లాట్ చుట్టూ ఉన్నది 40 రెట్లు ఎక్కువ. ఒక్క కాంటాక్ట్‌తో తీర్పు చెప్పకూడదు, అవతలివారి పవర్ మనకు తెలియదు. యాభై, వంద కాంటాక్ట్‌ల లాగ్ తీసి ఇచ్చిన రిపోర్టుల సగటు, అందుకున్న రిపోర్టుల సగటు పక్కపక్కన పెట్టాలి. అందుకున్నవి ఎప్పుడూ పది డెసిబెల్స్ పైన ఉంటే డబ్బు యాంప్లిఫయర్ మీద పెట్టడం దండగ. మన మాట అందరికీ వినబడుతోంది, అందరి మాట మనకు వినబడటం లేదు. యాంప్లిఫయర్ ఆ తేడాను ఇంకా పెంచుతుంది. జవాబు వినలేని స్టేషన్ నుంచి గట్టిగా పిలుస్తూ ఉండటం మిగతావాళ్లకు ఇబ్బంది కూడా.

నాయిస్ వేట మొదలుపెట్టాల్సింది సొంత ఇంట్లోనే. రిగ్‌ను, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడాలి. వాటర్‌ఫాల్ అడుగు చీకటి పడితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ వేస్తూ పోతే గది తెలుస్తుంది, ఒక్కో ప్లగ్ పెడుతూ పోతే వస్తువు తెలుస్తుంది. చాలా ఇళ్లల్లో అది రూటర్ అడాప్టరో, చవక ఎల్‌ఈడీ డ్రైవరో అవుతుంది. మెయిన్ ఆపినా తేడా లేకపోతే భవనం వంతు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇందుకు ఒక అవకాశం దానంతటదే వస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఉండే ఆ కొద్ది సెకన్లలో బ్యాటరీ మీద నడుస్తున్న రిసీవర్ ఏం చూపిస్తుందో గమనిస్తే, భవనం నిశ్శబ్దంగా ఉంటే బ్యాండ్ ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ కిటికీ ఎడమవైపు ఉండే లెవెల్ మీటర్ ఆ సమయంలో ఎన్ని డెసిబెల్స్ పడిందో రాసిపెట్టుకోవాలి. అసోసియేషన్‌తో మాట్లాడేటప్పుడు, లిఫ్ట్ మోటార్ డ్రైవ్‌కు ఫిల్టర్ పెట్టమని అడిగేటప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో తిరిగితే ఫెర్రైట్ కోర్లు (కేబుల్ చుట్టి నాయిస్‌ను అడ్డుకునే ఉంగరాలు) దొరుకుతాయి. ఏ మిశ్రమమో చూసి కొనాలి. 7, 14 మెగాహెర్ట్జ్ దగ్గర అడ్డుకునేవి వేరు, టీవీ కేబుల్‌కు పనికొచ్చేవి వేరు. కోయాక్స్‌ను తగిన కోర్ మీద పది చుట్లు చుట్టి యాంటెన్నా దగ్గర ఒకటి, రిగ్ దగ్గర ఒకటి పెడితే, కేబుల్ పై తొడుగు మీదుగా ఇంటి నాయిస్ యాంటెన్నాకు ఎక్కడం తగ్గుతుంది. బాల్కనీ స్టేషన్లలో యాంటెన్నా మార్చడం కన్నా ఈ పనే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

కాంటాక్ట్‌లు చేయకుండా కూడా ఈ కొలతలు పొందవచ్చు. 2008లో వచ్చిన విస్పర్ మోడ్‌లో కాల్‌సైన్, గ్రిడ్, పవర్ మాత్రమే 50 బిట్లుగా రెండు నిమిషాల గడిలో వెళ్తాయి. జవాబు ఉండదు. అర వాట్ కన్నా తక్కువ పవర్‌తో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎవరెవరు ఎంత బలంగా విన్నారో మ్యాప్ మీద ఉంటుంది. రెండు యాంటెన్నాల్లో ఏది మేలో తేల్చడానికి ఇంతకన్నా నిజాయితీ ఉన్న పద్ధతి లేదు. ఇదే కుటుంబంలో చంద్రుడి మీద నుంచి తిరిగొచ్చే సిగ్నళ్లకు క్యూ65, ఉల్కల తోకల మీద నుంచి క్షణకాలం వచ్చేవాటికి ఎంఎస్‌కే144 ఉన్నాయి. వాటికి బాల్కనీ సరిపోదు.

అయస్కాంత భూమధ్యరేఖ పక్కన

బెంగళూరు స్టేషన్‌కు ఉన్న ప్రత్యేకత దాని కింద ఉన్న నేల కన్నా పైన ఉన్న ఆకాశానిది. అయస్కాంత భూమధ్యరేఖ (భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత) మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టడానికి కారణం అదే. బెంగళూరు దానికి నాలుగైదు డిగ్రీల ఉత్తరంలోనే ఉంది. ఇలాంటి చోట ఐనోస్ఫియర్ (రేడియో తరంగాలను తిరిగి నేల వైపు వంచే ఎత్తైన వాతావరణ పొర) మిగతా ప్రపంచంలోలా ఉండదు. పగలు దట్టంగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి, సూర్యుడి చురుకుదనం ఎక్కువగా ఉన్న ఏళ్లలో 28 మెగాహెర్ట్జ్ దూరపు సిగ్నళ్లకు గంటల తరబడి తెరిచి ఉంటుంది. ప్రస్తుత సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా, నోవా (అమెరికా వాతావరణ సంస్థ) ప్రకటించాయి. ఆ దశలో బాల్కనీ తీగకు కూడా 28 మెగాహెర్ట్జ్ మంచి అవకాశం. ఆ పౌనఃపున్యానికి క్వార్టర్ వేవ్ (తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవు తీగ) రెండున్నర మీటర్లే.

సూర్యాస్తమయం తర్వాత కథ మారుతుంది. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ సాయంత్రాల్లో, అయస్కాంత భూమధ్యరేఖ మీద ఐనోస్ఫియర్ అడుగు నుంచి పలచని ప్లాస్మా బుడగలు పైకి లేస్తాయి. వాటి గుండా వచ్చిన సిగ్నల్ చెదిరిపోతుంది. జీపీఎస్ కూడా ఆ సమయంలో తడబడుతుంది. ఎఫ్‌టీ8 స్వరాల మధ్య దూరం 6.25 హెర్ట్జ్ మాత్రమే. చెదిరిన సిగ్నల్ అంతకన్నా ఎక్కువ వెడల్పుకు పరుచుకుంటే ఒక స్వరం పక్క స్వరంలోకి కారిపోతుంది. అప్పుడు వాటర్‌ఫాల్‌లో సిగ్నల్ మందంగా, ప్రకాశవంతంగా కనిపిస్తుంది కానీ డీకోడ్ రాదు. కొత్తవాళ్లు గడియారం చూసుకుంటారు, సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తారు. తప్పు ఎక్కడా లేదు. భూమధ్యరేఖను దాటి వచ్చే 50 మెగాహెర్ట్జ్ సిగ్నళ్లలో ఇది ఇంకా తీవ్రం. మోర్స్ బరబరమంటూ వినబడినా చెవి దాన్ని చదవగలుగుతుంది, ఎఫ్‌టీ8 చదవలేదు. బలహీనతను ఓడించడానికి చేసిన మోడ్ చెదరడాన్ని ఓడించలేదు. ఐరోపా, అమెరికా హ్యామ్‌లు రాసిన సలహాల్లో ఈ విషయం అంతగా కనబడదు, వాళ్ల ఆకాశం వేరు. దక్షిణ భారత స్టేషన్ల లాగ్‌లు తేదీ, సమయాలతో, డీకోడ్ కాని సాయంత్రాల వివరాలతో సహా భద్రపరిస్తే అవి విలువైన సమాచారమవుతాయి.

బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్ల ఉత్తరంగా, తెలుగు బాగా వినిపించే గౌరిబిదనూరు దగ్గర 34.5 మెగాహెర్ట్జ్‌లో ఆకాశాన్ని విన్న రేడియో టెలిస్కోప్‌ను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి నిర్మించాయి. నగరపు నాయిస్‌కు దూరంగా వెళ్లడానికి శాస్త్రవేత్తలకు ఉన్న కారణాలే హ్యామ్‌కూ ఉన్నాయి. సెలవు రోజున ఒక తీగ, ఒక బ్యాటరీ పట్టుకొని ఆ వైపు పొలాల్లోకి వెళ్లినవాళ్లకు, ఫ్లాట్‌లో మైనస్ 19కి అందిన స్టేషన్లు అక్కడ ఎంతకి అందుతాయో చూస్తే నాయిస్ ఖరీదు అంకెల్లో కనబడుతుంది.

మాట కావాల్సినప్పుడు

ఇక మనిషి ఎక్కడున్నాడన్న విమర్శ. ఒక క్లిక్ తర్వాత మిగతా సందేశాలు వాటంతటవే వెళ్తాయన్నది నిజం. ఆరు సందేశాలు, తొంభై సెకన్లు, లాగ్‌లో ఒక వరుస. కానీ యాంటెన్నా, నాయిస్, సమయం, బ్యాండ్ ఎంచుకోవడం మనిషి పనే. ఆ పని చేయకుండా కంప్యూటర్‌ను వదిలేసి నిద్రపోయేవాళ్లకు లెక్క పెరుగుతుంది, తెలివి పెరగదు. అలా వదిలేయకుండా ఉండటానికే సాఫ్ట్‌వేర్‌లో వాచ్‌డాగ్ పెట్టారు. మనిషి ముట్టుకోకపోతే ఆరు నిమిషాలకు ప్రసారం ఆపేస్తుంది. దాన్ని తీసేసే ఉపాయాలు వెతకడం సరైన పని కాదు.

అసలు పరిమితి వేరే చోట ఉంది. ముందే తెలిసిన మాటలకే ఎఫ్‌టీ8 దూరం ఇస్తుంది. ముందుగా ఊహించని మాటకు అందులో చోటు లేదు. స్వేచ్ఛగా రాసే సందేశానికి 13 అక్షరాలే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, ఢిల్లీ నుంచి హ్యామ్ ప్రసారాల కోసం వెళ్లిన భారతి ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లు పనిచేయని ఆ రోజుల్లో ఆమె స్టేషన్ నుంచి వెళ్లినవి పేర్లు, క్షేమ సమాచారాలు, సహాయ వివరాలు. అవన్నీ మాటతో చెప్పాల్సినవి. ఫలానా వాళ్లు ఫలానా ఆస్పత్రిలో ఉన్నారని, మందులు ఇన్ని కావాలని ఎఫ్‌టీ8లో చెప్పలేం. కాబట్టి ఎఫ్‌టీ8లో వంద దేశాలు చేసిన స్టేషన్ తుపాను వేళకు సిద్ధంగా ఉందని అనుకోవడం పొరపాటు.

మధ్యేమార్గంగా 2018లో జేఎస్8కాల్ వచ్చింది. ఎఫ్‌టీ8 మోడ్ మీదే కట్టినది. గడులను ఒకదాని వెంట ఒకటి పేర్చి పూర్తి వాక్యాలు పంపుతుంది. మెల్లగా వెళ్తుంది, ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి, కానీ మాట వినబడనంత నాయిస్‌లోనూ చేరుతుంది. మధ్యలో ఇంకో స్టేషన్ దాన్ని అందుకొని ముందుకు పంపగలదు, గైర్హాజరులో ఉన్నవారికి దాచి ఉంచగలదు. రిగ్, కేబుల్, ఆడియో సెట్టింగులు ఎఫ్‌టీ8వే సరిపోతాయి. బెంగళూరు నుంచి హైదరాబాద్, విజయవాడ లాంటి దూరాలకు పగటిపూట 7 మెగాహెర్ట్జ్ సరిపోతుంది, బాల్కనీ గ్రిల్ మీదుగా ఆకాశం వైపు చూసే తీగ కూడా ఆ దూరాలకు పనికొస్తుంది. ఊళ్లో ఒక హ్యామ్, నగరంలో ఒక హ్యామ్ నెలకోసారి సమయం, ఫ్రీక్వెన్సీ ముందే అనుకొని, రెండు వైపులా ఇంటర్నెట్ ఆపి, బ్యాటరీ మీద ఒక పది వాక్యాలు అటూ ఇటూ పంపి చూసుకోవాలి. గడియారం జరగడం, బ్యాటరీ మధ్యలో పడిపోవడం, అక్షరాలు చెదరడం లాంటివన్నీ మొదటిసారే బయటపడతాయి.